గడి ముడి విప్పేదెలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నిగూఢ గళ్ళనుడికట్టు (మెలిక పెట్టిన ఆధారాలతో సాగే క్రాస్‌వర్డ్; వాడుకలో "గడి", అందులోని ఒక్కో చదరమూ గడే) పూరించేవారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఊహ గురించే అడుగుతున్నాయి. తెలియని చోట ఊహించి రాయొచ్చా? రాస్తే ఎంతవరకు నమ్మొచ్చు? తప్పితే బయటపడేదెలా? శ్రీశ్రీ, ఆరుద్ర లాంటి కవులు కూడా ఇష్టపడి గళ్ళు కూర్చారు. తెలుగు లిపికీ వ్యాకరణానికీ గట్టిగా ముడిపడిన కిటుకులు ఈ ఆటలో చాలా ఉన్నాయి. కింద ఉదాహరణలుగా ఇచ్చిన ఆధారాలన్నీ ఈ జవాబుల కోసమే కూర్చాం. ఆధారం చివరి అంకె జవాబులో ఎన్ని అక్షరాలో చెబుతుంది.

ప్రశ్న: ఆధారం ఎన్నిసార్లు చదివినా ఏం చేయమంటోందో అంతు పట్టదు. అర్థమయ్యేదాకా ఆగాలా, తోచింది రాసేయొచ్చా? ఊహించి రాస్తే పూరించినట్టేనా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

ఊహించండి. మెలిక మొత్తం అర్థమయ్యాకే కలం పట్టాలనుకుంటే కష్టమైన గడి ఎవరికీ పూర్తికాదు. చేయి తిరిగినవాళ్ళు కూడా చాలా జవాబులు ముందు ఊహించి, మెలికను తర్వాత విప్పుకుంటారు.

ఇది కుదరడానికి కారణం ఆధారం కట్టుబడిలోనే ఉంది. నిగూఢ ఆధారం ఒకే జవాబుకు రెండు దారులు చూపిస్తుంది. ఒక కొసన మామూలు అర్థం ఉంటుంది, మిగతాదంతా అక్షరాల ఆట. ఒక దారిలో ఊహించి రెండో దారిలో సరిచూసుకోవచ్చు. సరిచూసుకోకుండా వదిలేసిన ఊహ మాత్రం గాలిలో దీపమే.

ఈ ఆధారం చూడండి: "మంచం అటు తిప్పి వేసిన సీమ ఊరు (3)". చివరి రెండు మాటలే అర్థం అనుకుందాం. మూడక్షరాల రాయలసీమ ఊళ్ళు కాగితం మీద రాయండి: కర్నూలు, నంద్యాల, ఆదోని, చిత్తూరు, కదిరి, కడప. గుత్తికి రెండే అక్షరాలు, తిరుపతికి, ధర్మవరానికి నాలుగు, అనంతపురానికి అయిదు. అవన్నీ పక్కకు పోతాయి. "అటు తిప్పి" అంటే వెనక నుంచి చదవమని సైగ కావచ్చు. కదిరిని తిప్పితే "రిదిక", అర్థం లేదు. ఆదోనిని తిప్పితే "నిదోఆ", తెలుగులో మాటే కాదు. కడపను తిప్పితే "పడక". పడకంటే మంచమే! రెండు దారులూ ఒకే చోట కలిశాయి కాబట్టి ఇక సిరాతో రాయొచ్చు.

మంచం దగ్గర మొదలుపెట్టి ఉంటే పాన్పు, శయ్య, పర్యంకం, పడక అంటూ ఒక్కోదాన్నీ తిప్పి చూడాల్సి వచ్చేది. ఊరి వైపు నుంచి రావడం దగ్గరి దారి. ఎప్పుడైనా సరే, తక్కువ మాటలున్న జాబితా వైపు నుంచి ఊహ మొదలుపెట్టండి. అందుకే లెక్క తేలిన జాబితాలు నోటికి వచ్చి ఉండాలి: 27 నక్షత్రాలు, 12 రాశులు, 60 తెలుగు సంవత్సరాలు, ఋతువులు, రాగాలు, పాండవులు, ఉభయ రాష్ట్రాల ఊళ్ళు. "చుక్క (2)" అని కనబడితే మఖ, పుబ్బ, హస్త, చిత్త, స్వాతి, మూల, ఆర్ద్ర, జ్యేష్ఠ వెంటనే మనసులో మెదలాలి.

ప్రశ్న: జవాబు అసలేమీ తట్టనప్పుడు గడి ఖాళీగా వదిలేయడం తప్ప దారి లేదా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

ఉంది. జవాబు తెలియకపోయినా జవాబు తోక చాలాసార్లు తెలుస్తుంది. తెలుగులో లింగం, వచనం, విభక్తి, కాలం అన్నీ మాట చివరే వేలాడుతుంటాయి. అర్థం చెప్పే భాగం ఏ రూపంలో ఉంటే జవాబూ అదే రూపంలో ఉండాలి. ఈ నియమాన్ని మంచి కూర్పరులు (గడి కూర్చేవారు) తప్పరు.

అర్థం బహువచనమైతే చివరి గడిలో పెన్సిలుతో "లు" రాసేయండి. అయితే "ళ్ళు", "ర్లు", "ండ్లు" కూడా కావచ్చు (కాలు – కాళ్ళు, కన్ను – కళ్ళు), కాబట్టి గడి మూలన చిన్నగా రాయాలి. "వచ్చింది", "పాడింది" లాంటి క్రియ ఉంటే చివర "ది". "వాళ్ళు వెళ్ళారు" తరహాలో ఉంటే "రు". పని పేరైతే "డం" లేదా "ట". మగవాడి గురించైతే "డు"కు మొగ్గు ఎక్కువ. స్త్రీ అయితే "ణి", "ని", "రాలు", "త్తె", "వతి" చూడాలి. సంస్కృతం నుంచి వచ్చిన వస్తువుల పేర్లు చాలావరకు సున్నాతో ముగుస్తాయి. ఏదైనా తీరును చెప్పే మాటైతే "గా".

ఈ తోకలు పెట్టుకుంటే వాటి మీదుగా పోయే మాటలు కదులుతాయి. కానీ తోకలు పక్కా కావు. "తారుమారైన నవల మూలంగా (3)" చూడండి. "మూలంగా" అంటే చివర "గా" ఉంటుందనిపిస్తుంది. జవాబు "వలన". నవలలోని న, వ, ల తారుమారయ్యాయి, "వలన" అంటే మూలంగానే. ఇందుకే తోకల్ని పెన్సిలుతోనే రాయాలి, వాటి మీద ఇంకో ఊహ కట్టకూడదు.

ప్రశ్న: హిందూ పత్రికలో ఇంగ్లీషు క్రిప్టిక్ (నిగూఢ గడి) చాలా ఏళ్ళు చేశాను. ఆ అలవాటుతో తెలుగు గడి పడితే ఎక్కడో తేడా కొడుతోంది. ఏమిటది?
— ఒక పాఠకుడు, డాలస్

తేడా గడిలో పట్టే సరుకులో ఉంది. ఇంగ్లీషు గడిలో 26 అక్షరాల్లో ఏదో ఒకటి పడుతుంది. తెలుగు గడిలో గుణింతం, ఒత్తు, సున్నాతో సహా ఒక పూర్తి అక్షరం పడుతుంది: క, కీ, క్కు, కం, ష్ఠ. వందల రకాలు. దీనివల్ల మూడు మార్పులు వస్తాయి.

మొదటిది, జవాబులు పొట్టిగా ఉంటాయి. రెండు నుంచి అయిదు అక్షరాలవే ఎక్కువ. రెండోది, అక్షరాలు కలగాపులగం చేసే ఆధారాలు అరుదు, చేసినా చిన్నవే. "కి"ని "క"గా మార్చుకునే వీలు లేదు కదా. ఎనిమిది అక్షరాల గందరగోళం విప్పే ఓపిక ఇక్కడ అంతగా అక్కరకు రాదు.

మూడోదే ఊహకు పెద్ద ఆసరా. అడ్డం–నిలువు కలిసే చోట దొరికిన ఒక్క తెలుగు అక్షరం, ఇంగ్లీషులో రెండు మూడు అక్షరాలు దొరికినంత మేలు చేస్తుంది. "ష్ఠ" దొరికిందంటే జ్యేష్ఠ, నిష్ఠ, ప్రతిష్ఠ, ధనిష్ఠ, కాష్ఠ లాంటి కొద్ది మాటలే మిగులుతాయి.

ఇంకొకటి గుర్తుంచుకోండి. తెలుగు కూర్పరులందరూ "అర్థం ఒక కొస, ఆట ఒక కొస" అనే కట్టుబాటును ఇంగ్లీషువాళ్ళంత బిగువుగా పాటించరు. కొన్ని ఆధారాలు సామెతను సగంలో ఆపేసి మిగతా సగం అడుగుతాయి, కొన్ని కేవలం చమత్కారం. అందుకని కొత్త కూర్పరి గడి పట్టినప్పుడు ముందు తేలిగ్గా వచ్చిన నాలుగైదు జవాబులు చూసి ఆయన పద్ధతి పట్టుకోవాలి. బిగువుగా కూర్చేవారైతే ప్రతి మాటకూ లెక్క అడగండి. వదులుగా కూర్చేవారైతే ఒకటి రెండు మాటలు మిగిలిపోయినా పట్టించుకోకండి.

ప్రశ్న: ఏ మాట సైగ, ఏ మాట అర్థం అని ఎలా తెలుసుకోవాలి? "తిరిగి" అని ఉంటే నిజంగా తిరగేయమనా, ఊరికే కథ కోసమా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

ఊహలో సగం పని ఇక్కడే ఉంది, కాబట్టి దీనికి కొంచెం వివరంగా చెబుతాం.

ముందు చేయాల్సింది ఆధారం చెప్పే కథను పక్కన పెట్టడం. "కొత్తగా వచ్చిన గరం మసాలాలో పట్నం (3)" అనగానే మనసు వంటింటి వైపు పోతుంది. కూర్పరికి కావలసిందీ అదే. మాటల మధ్య ఖాళీలు తీసేసి అక్షరాలుగా చదవండి: వ–చ్చి–న–గ–రం–మ–సా–లా. నడుమ "నగరం" కూర్చుని ఉంది. "లో" అంటే లోపల దాగి ఉందని. పట్నమంటే నగరం. ఆధారంలో రెండు మాటలు అసహజంగా పక్కపక్కన పడ్డాయంటే, వాటి అతుకులో ఏదో దాగిందని మొదటి అనుమానం రావాలి.

"లో" ప్రత్యయం అన్నిటికన్నా గడుసుది. మూడు పనులు చేస్తుంది. పైన చూసినట్టు దాచిపెడుతుంది. ఒక మాట మధ్య ఇంకో అక్షరాన్ని దూరుస్తుంది: "సారంలో గాంధారం వినిపించే కడలి (3)". గాంధారమంటే సప్తస్వరాల్లో "గ". సా–గ–రం, సాగరం. మూడో పని ఏమీ లేదు, ఉత్తి విభక్తి ప్రత్యయం! అందుకని "లో" కనబడగానే ఈ మూడూ వరసగా ప్రయత్నించండి.

ఒంటరి అక్షరం కావలసినప్పుడు కూర్పరులు వెళ్ళే చోట్లు కొన్నే. స్వరాలు స, రి, గ, మ, ప, ద, ని. ఛందస్సులో గురువు అంటే గ, లఘువు అంటే ల. సంస్కృతపు ఏకాక్షరాలు: భూమికి భూ, ఆవుకు గో, లక్ష్మికి శ్రీ లేదా మా, బుద్ధికి ధీ. తెలుగులో "రమ్మంటే" రా, "పొమ్మంటే" పో. సంగీతం, పద్యం, లక్ష్మీదేవి కారణం లేకుండా ఆధారంలోకి వచ్చాయంటే ఒక అక్షరం అడుగుతున్నారని ఊహించవచ్చు.

తల, తోక, నడుము, కొస, మొదలు, చివర కనబడితే కోతే. "సంగీతానికి తల తీస్తే పాట (2)" — గీతం. "కొస తెగిన కవిత రాసినవాడు (2)" — కవి.

ఇక తెలుగు గడికే సొంతమైన అందం గుణింతపు గుర్తులతో ఆడే ఆట. గుడి, కొమ్ము, దీర్ఘం, సుడి, తలకట్టు, సున్నా అనే మాటలకు లోకంలో ఒక అర్థం, లిపిలో ఇంకో అర్థం. "పిలకలో గుడి పోతే బడిలో ఉండేది (3)". గుడి దేవాలయం అనుకుంటే కదలదు. "పి" మీది గుడి తీసేస్తే పలక. "కొమ్ము విరిగిన గుడి, మీరిప్పుడు నింపుతున్నది (2)". ఇక్కడ గుడి నిజంగా మాటే, కొమ్ము మాత్రం లిపి గుర్తు. "గు"కు కొమ్ము తీస్తే "గడి". ఒకే మాట ఒక ఆధారంలో గుర్తుగా, ఇంకో దాంట్లో పదంగా వస్తుంది. రెండూ ప్రయత్నించి చూడాల్సిందే.

తిరగేసే సైగలకు తెలుగు వ్యాకరణమే ఒక తాళంచెవి ఇస్తుంది. "తిరగేసిన", "చెదిరిన", "తల తెగిన" లాంటివి విశేషణాలు, కాబట్టి తమ తర్వాతి మాట మీద పనిచేస్తాయి. "తిరిగితే", "తిప్పి", "చెదిరితే" లాంటివి తమ ముందున్న మాట మీద పనిచేస్తాయి. "తల తిరిగితే తీగ (2)": తిరగాల్సింది తల, జవాబు లత. "తిరగేసిన పలక ఇల్లు కట్టడానికి (3)": తిరగేయాల్సింది పలక, జవాబు కలప. ఈ ఒక్క తేడా పట్టుకుంటే పలక రాయాలో కలప రాయాలో తెలియక కొట్టుకోనక్కర్లేదు.

తలకిందులు, శీర్షాసనం, "కింది నుంచి పైకి" నిలువు ఆధారాల్లోనే న్యాయం. అడ్డం ఆధారంలో శీర్షాసనం కనబడితే అది బహుశా కథ కోసం వచ్చిందే.

సైగ ఏమీ కనబడకపోతే, ఆధారం రెండు మూడు మాటలే అయితే, రెండు అర్థాలు పక్కపక్కన పెట్టారని ఊహించండి. "ఇంటికీ వేస్తారు, పాటకీ వేస్తారు (2)" తాళం. "భావమే ధనం (2)" అర్థం. ఎంత పొట్టి ఆధారమైతే ఈ ఊహకు అంత బలం.

ప్రశ్న: సగం అక్షరాలు వచ్చాక కూడా మిగతా సగం కదలదు. దొరికిన అక్షరాల నుంచి ఏం రాబట్టవచ్చు?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

చాలా రాబట్టవచ్చు. ఏ అక్షరం ఎక్కడ రాదో తెలిస్తే, ఏది వస్తుందో దాదాపు తేలిపోతుంది.

అచ్చులు మాట మొదట్లోనే వస్తాయి, నడుమ దాదాపు రావు. అందుకని ఒక అడ్డం మాట మొదటి గడి, ఏదైనా నిలువు మాటకు రెండో గడో మూడో గడో అయితే, ఆ అడ్డం మాట అ, ఆ, ఇ, ఊ, ఏలతో మొదలుకాదు. ఏనుగు, ఇల్లు, ఆకాశం, ఉదయం అన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. కష్టమైన గడిలో మొట్టమొదట చూసుకోవాల్సింది ఇదే, చాలామంది చూడరు.

ద్విత్వాక్షరం (క్క, మ్మ, ల్ల, ట్ట) మాట మొదట్లో రాదు. ళ, ణ కూడా మాట మొదట్లో కనబడవు. అచ్చ తెలుగు మాటలు యకారంతో గాని, వు, వూ, వొ, వోలతో గాని మొదలుకావని పాత వ్యాకరణాలే చెబుతాయి. మీరు రాసిన జవాబు ఒక నిలువు మాట మొదటి గడిలో "ళ్ళు" పడేస్తోందంటే ఆ జవాబు తప్పు, ఇంకో ఆలోచన అక్కర్లేదు.

ఖ, ఘ, ఛ, ఠ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు, శ, ష, ఋ దొరికితే ఆ మాట చాలావరకు సంస్కృతం నుంచి వచ్చినదే. అప్పుడు ఏనుగు, గుర్రం, నీళ్ళు వదిలేసి గజం, హయం, ఉదకం వైపు వెతకాలి.

చివరి గడిలో "ణం" వచ్చిందనుకోండి. సంస్కృతపు మాటల్లో ర, ష, ఋ తర్వాత వచ్చే న, ణగా మారుతుంది. మధ్యలో అచ్చులు, క వర్గం, ప వర్గం, య, వ, హలు ఉన్నా మారుతుంది: కారణం, భూషణం, ప్రమాణం, గ్రహణం. త, ధ, శ లాంటివి అడ్డం వస్తే మారదు: నర్తనం, ప్రధానం, దర్శనం. కల్యాణం, కంకణం లాంటివి పుట్టుకతోనే ణకారం ఉన్నవి, అవి వేరు. కాబట్టి "ణం"కు ముందు గడిలో ర, ష, క్ష ఉండే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు "పాటలో కొంత, ఒంట్లో కొంత (3)" అని ఆధారం, మీ దగ్గర □ □ ణం ఉంది. నడుమ "ర" పెట్టి చూడండి: కారణం, కిరణం, తోరణం, మరణం, శరణం, స్మరణం, చరణం. పాటలో ఉండేది చరణం, ఒంట్లో చరణమంటే పాదం. వ్యాకరణం సగం దూరం తీసుకెళ్ళింది, అర్థం మిగతా సగం.

ఈ నియమం న, ణ మధ్య తేల్చుకోవడానికి కూడా పనికొస్తుంది. "ప్రయానం" అని రాసి దాని మీదుగా పోయే మాట రాక తల పట్టుకునేవాళ్ళున్నారు.

ప్రశ్న: జవాబు ఎప్పుడూ వినని మాటైతే? వినని మాటను ఊహించేదెలా?
— ఒక పాఠకురాలు, తెనాలి

మాట వినకపోయినా దాని ముక్కలు విని ఉంటారు. "స్వప్నానికి వరం తోడైతే ఆందోళన (4)": కల, వరం, కలవరం. ఇది తెలిసిన మాట. పద్ధతి ఇదే పెట్టుకుని "స్వప్నం పక్కన చుక్క ఏనుగు గున్న (3)" చూడండి. మొదటి ముక్క "కల" ఇట్టే వస్తుంది. రెండోది ఒకే అక్షరం, దానికి నక్షత్రమని అర్థం ఉండాలి. అడ్డం నుంచి "భం" దొరికితే "కలభం". ఇలాంటి మాట ఉందా? ఉంది. అమరకోశంలో "కలభః కరిశావకః" అని ఉంది, అంటే ఏనుగు గున్న. "భం" అంటే నక్షత్రం.

వినని మాటకు మాత్రం నిఘంటువు సాక్ష్యం తప్పనిసరి. 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఇంట్లో లేకపోయినా, ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా నిఘంటువులు ఒకేసారి వెతకవచ్చు. ముందు ఊహించి, తర్వాత నిఘంటువు తెరవండి. నిఘంటువుతో మొదలుపెడితే పర్యాయపదాల అడవిలో తప్పిపోతారు, పైగా మీ ఊహకు పదును రాదు.

అర్థం, ముక్కలు రెండూ ఊహించాల్సి వస్తే పెద్ద ముక్కను ముందు పట్టుకోండి. "పాండవుడికి దక్కిన వరం మావుళ్ళమ్మ ఊరు (4)". చివర "వరం" తేటగా ఉంది. మిగిలింది రెండక్షరాలు. పాండవుల్లో రెండక్షరాలకు ముందుగా తట్టేవి ధర్మ, భీమ. తమాషా ఏమిటంటే ధర్మవరం, భీమవరం రెండూ నిజమైన ఊళ్ళే. ధర్మవరం పేరు పట్టుచీరలకు మోగింది, మావుళ్ళమ్మ ఉన్నది భీమవరంలో. "వరం" రాసేసి, ముందు రెండు గళ్ళు నిలువు మాటలకు వదిలినా నష్టం లేదు. "భీ"యో "ధ"యో అవే చెబుతాయి.

ప్రశ్న: అక్షరాల లెక్క ఒకటి తేడా వస్తుంటుంది. ఎందుకు?
— ఒక పాఠకుడు, అనకాపల్లి

వర్ణక్రమం వల్ల. "కాలం" రెండు, "కాలము" మూడు. "ఐదు" రెండు, "అయిదు" మూడు. జవాబు సరిపోతూ ఒక గడి మిగిలితే ముందు "ము" వేసి చూడండి. సున్నా విడి గడి తీసుకోదు, ముందు అక్షరంతోనే ఉంటుంది. "ళ్లు", "ళ్ళు" ఒకటే. చేశాడు–చేసాడు దగ్గర కూర్పరి అలవాటు చూడాలి. పొల్లు అక్షరానికి విడి గడి ఇవ్వడం, ఇవ్వకపోవడం పత్రికను బట్టి మారుతుంది. పాత సంచిక జవాబుల్లో పొల్లుతో ముగిసే మాట ఒక్కటి వెతికి చూస్తే తేలిపోతుంది.

ప్రశ్న: ఊహించి రాసింది తప్పైతే దాని మీద రాసినవన్నీ పాడవుతాయి. తప్పును తొందరగా పట్టుకునే మార్గం ఉందా?
— ఒక పాఠకుడు, వరంగల్

తప్పు ఊహల్లో ఎక్కువ భాగం సగం సరైనవి. అందుకే అంత గట్టిగా అతుక్కుంటాయి. "నడుము లేని తామరతో రాయొచ్చు (2)" తీసుకోండి. తామరలో నడిమి "మ" తీస్తే "తార". మంచి మాట, రెండక్షరాలు, అక్షరాల ఆట కుదిరింది. చాలామంది రాసేస్తారు. కానీ తారతో రాయలేం కదా, ఆ "రాయొచ్చు"కు లెక్క చెప్పలేదు. తామరకు ఇంకో మాట కమలం, దాని నడుము తీస్తే కలం. ఇప్పుడు ప్రతి మాటకూ పని దొరికింది.

కాబట్టి పరీక్ష ఇది: జవాబు రాశాక ఆధారంలో ఏ మాటా ఖాళీగా మిగలకూడదు. మిగిలితే పక్కన ప్రశ్నార్థకం పెట్టి, పెన్సిలుతో లేతగా రాయండి. రెండు దారులూ కుదిరినవే సిరాతో. ప్రశ్నార్థకం ఉన్న రెండు జవాబులు ఇచ్చిన అక్షరాల మీద మూడో జవాబు ఎప్పుడూ ఊహించకండి. గడి మొత్తం కూలేది అక్కడే.

ఒక మూలలో రెండు మూడు మాటలు ఒకేసారి మొరాయిస్తే, వాటన్నిటికీ అక్షరం ఇస్తున్న జవాబును అనుమానించండి. ఆ ఒక్కటి చెరిపి, మిగతావి దాని అక్షరం లేకుండా మళ్ళీ చదవండి. "తార" రాసినవారికి నిలువు మాటల్లో "తా", "ర" పడ్డాయి. నిజానికి కావలసినవి "క", "లం". ఆ రెండు నిలువు ఆధారాలూ ఎంత తేలికైనా కదలవు. ఎంత నచ్చిన జవాబైనా మూడు ఆధారాల్ని ఆపుతుంటే చెరిపేయాలి. చాలామంది చివరిదాకా కాపాడుకునేది సరిగ్గా ఆ తప్పు జవాబునే.

ప్రశ్న: అంతా అయ్యాక ఒక్క గడి మిగిలిపోతుంది. అప్పుడు?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

అక్షరమాల మొదటి నుంచి చివరిదాకా ఆ గడిలో పెట్టి పైకి చదవండి. ముందు తలకట్టుతో, తర్వాత గుణింతంతో. మనసులో అనుకుంటే సగం దాటిపోతాయి, నోటితో అంటే చెవి పట్టుకుంటుంది.

ఉదాహరణకు □ రణి, ఆధారం "కుంకుమ పెట్టుకునే చుక్క (3)". వరసగా అంటే అరణి, కరణి, తరణి, ధరణి, భరణి, సరణి, గుణింతంలో ధోరణి వస్తాయి. ఆ గడి ఇంకో మాట నడుమ పడుతుంటే అచ్చు రాదు కాబట్టి అరణి పోయింది. చుక్క అంటే బొట్టు అనుకుని ఆగిపోవడం వల్లే ఇది చివరిదాకా మిగిలింది. చుక్కను నక్షత్రంగా చదివితే జాబితాలో ఉన్నది భరణి ఒక్కటే, కుంకుమ పెట్టుకునేదీ భరణిలోనే.